పొరుగు రాష్ట్రంలో అద్దెకిచ్చే ఇల్లు: కొనుగోలుకు ముందు కొన్ని ఆలోచనలు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్న మాట మన పెద్దలు అనుభవం మీద చెప్పినది. ఈ రోజుల్లో ఇల్లు కట్టేవారు తగ్గి, కట్టిన ఇంటిని కొనేవారు పెరిగారు. కొనేవారిలోనూ తాము నివసించడానికి ఒకటి, అద్దెకివ్వడానికి మరొకటి కొనాలని తలచేవారు మన సంస్థలో తక్కువేమీ లేరు. ఆ రెండవ ఇల్లు చాలా సందర్భాలలో మనం ఉద్యోగం చేస్తున్న రాష్ట్రంలో ఉండదు. విశాఖపట్నంలో పనిచేసే ఉద్యోగి పూణేలోనో బెంగుళూరులోనో ఫ్లాటు కొంటాడు. భిలాయిలో ఉన్న తెలుగు కుటుంబం హైదరాబాదులో కొంటుంది. టౌన్‌షిప్ గృహాల నిర్వహణ విభాగంలో చిరకాలంగా పనిచేస్తున్నందున, ఇటువంటి కొనుగోళ్ల విషయమై సహోద్యోగులు మమ్మల్ని సంప్రదించడం తరచుగా జరుగుతోంది. వారికి విడివిడిగా చెబుతూ వచ్చిన విషయాలను ఒకచోట కూర్చి పాఠక మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందులో ప్రధానంగా చెప్పదలచినది ఒక్కటే. దూరప్రాంతంలో ఇల్లు కొన్నప్పుడు మనం ఇంటితో పాటు దూరాన్ని కూడా కొంటున్నాం. ఆ దూరానికి ఒక ధర ఉంది. విక్రయ పత్రంలో అది కనబడదు. కానీ ఇల్లు మన చేతిలో ఉన్నంతకాలం ఏటేటా దానిని చెల్లిస్తూనే ఉండాలి.

ఈ ఆలోచన ఎందుకు కలుగుతుంది?

ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగమంటే బదిలీలు తప్పవు. సంస్థ క్వార్టర్లలో నివసించేవారికి నెలనెలా అద్దె బాధ ఉండదు కాబట్టి కొంత పొదుపు సాధ్యమవుతుంది. పదవీ విరమణ నాడు క్వార్టరు తాళాలు అప్పగించవలసి ఉంటుందన్న ఆలోచన యాభై దాటినవారిని వెంటాడుతూ ఉంటుంది. మరోవైపు పిల్లలు చదువులు ముగించి పూణే, బెంగుళూరు, చెన్నై నగరాలలో ఉద్యోగాలలో చేరుతున్నారు. వారు నెలనెలా చెల్లించే అద్దె చూసినప్పుడు, అక్కడే ఒక ఇల్లు ఉంటే బాగుండునని తల్లిదండ్రులకు తోచడం సహజం. ఈ ఆలోచనలో దోషమేమీ లేదు. అయితే భవిష్య నిధి, గ్రాట్యుటీ సొమ్ము మీద ఆశ పెట్టుకుని చేసే పని కనుక, పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి మళ్లీ ముప్ఫై ఏళ్ల ఉద్యోగం మనకు ఉండదు. ఈ కారణం చేతనే లెక్క ముందు, కొనుగోలు తరువాత అన్న క్రమాన్ని విధిగా పాటించాలి.

ముందుగా ఒక లెక్క

ఉదాహరణకు విశాఖపట్నంలో పనిచేసే ఒక ఉద్యోగి పూణేలో 60 లక్షల రూపాయల ధర గల రెండు పడకగదుల ఫ్లాటు కొన్నాడనుకుందాం. ఇది లెక్క కోసం కల్పించుకున్న ఉదాహరణ మాత్రమే. పాఠకులు తమ తమ అంకెలు ఇందులో వేసుకుని చూసుకోవచ్చు.

పూణే నగరంలో స్టాంపు సుంకం, స్థానిక సంస్థ పన్ను, మెట్రో సుంకం కలిపి పురుషుల పేరిట కొనుగోలుకు 7 శాతం. స్త్రీల పేరిట కొంటే ఒక శాతం రాయితీ ఉంది. రిజిస్ట్రేషన్ రుసుము ఒక శాతమే అయినా 30,000 రూపాయలకు మించదు. ఆ ప్రకారం సుంకం 4,20,000, రుసుము 30,000 రూపాయలు. ఫ్యాన్లు, దీపాలు, కిటికీలకు గ్రిల్లులు, వంటగదిలో అలమరలు, రంగులు వగైరాలకు 1,50,000 వేసుకుందాం. మొత్తం పెట్టుబడి 66 లక్షలు అయింది.

ఇంటికి నెలకు 18,000 అద్దె వస్తుందనుకుంటే ఏడాదికి 2,16,000 రూపాయలు. మొత్తం పెట్టుబడి మీద ఇది 3.27 శాతం. చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. కానీ ఖర్చులు ఇక్కడినుండే మొదలవుతాయి. ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే 18,000, సొసైటీ నిర్వహణ రుసుము నెలకు 2,500 చొప్పున 30,000, ఆస్తి పన్ను 10,000, రెండేళ్లకొకసారి కొత్త అద్దెదారును తెచ్చే మధ్యవర్తికి ఒక నెల అద్దె ఇస్తే ఏడాదికి 9,000, మరమ్మతులకు 15,000, యజమాని నివసించని ఫ్లాటుపై సొసైటీ వేసే అదనపు రుసుము 2,000 అవుతాయి. వీటికి తోడు ఏడాదికి రెండుసార్లు వెళ్లి రావడానికి, బసకు 12,000. ఈ మొత్తం 96,000 రూపాయలు. చేతిలో మిగిలేది 1,20,000. అంటే 66 లక్షల మీద 1.82 శాతం మాత్రమే.

ఇక బ్యాంకు ఋణం సంగతి చూద్దాం. 45 లక్షలు 8.5 శాతం వడ్డీకి 15 సంవత్సరాల గడువుతో తీసుకుంటే నెలసరి వాయిదా సుమారు 44,300 రూపాయలు. ఏడాదికి ఐదు లక్షల ముప్ఫై వేల పైచిలుకు. మిగిలిన అద్దె 1,20,000 పోను, ఏటా నాలుగు లక్షల పది వేలకు పైగా జీతంలోనుండి పెట్టుకోవాలి. "అద్దెతోనే వాయిదాలు గడిచిపోతాయి" అని అమ్మేవారు చెప్పే మాటను ఈ లెక్కతో సరిచూసుకోవాలి.

అలాగని ఇటువంటి కొనుగోలు దండగ అని మా అభిప్రాయం కాదు. అద్దె కాలక్రమేణా పెరుగుతుంది. వాయిదా, వడ్డీ రేటు మారనంతవరకు, అదే ఉంటుంది. ఇంటి ధర కూడా పెరగవచ్చు. అయితే లాభమంతా ఆ చివరి 'పెరగవచ్చు' అన్న మాట మీదనే ఆధారపడి ఉందని గ్రహించాలి. అద్దె ఒక్కటే ఈ పెట్టుబడిని నిలబెట్టదు. ఉద్యోగ విరమణకు మూడు నాలుగేళ్లే మిగిలి ఉన్నవారు పదిహేనేళ్ల వాయిదాలకు సిద్ధపడే ముందు, జీతం ఆగిన తరువాత ఆ నాలుగు లక్షలు ఎక్కడినుండి వస్తాయో ఒక కాగితం మీద రాసుకుని ఇంట్లో అందరూ కూర్చుని చూసుకోవడం శ్రేయస్కరం.

ఊరి కంటే ముందు మనిషి

ఏ ఊరిలో కొనాలి అని అందరూ అడుగుతారు. ఆ ఊరిలో మన తరఫున తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగేవారు అరుదు. మా దృష్టిలో రెండవ ప్రశ్నే ముఖ్యమైనది.

మా విభాగంలో పనిచేసి విరమించిన ఒక సహోద్యోగి పొరుగు రాష్ట్రపు నగరంలో ఫ్లాటు కొని, ఆ ఊరిలో తెలిసినవారెవరూ లేకుండానే ఒక కుటుంబానికి అద్దెకిచ్చారు. స్నానాల గదిలో నేల కింద గొట్టం నుండి నీరు కారడం మొదలైంది. అద్దెదారులకు తమ నల్లాలో నీళ్లు సక్రమంగా వస్తున్నాయి కనుక వారు పట్టించుకోలేదు. కింది అంతస్తు వారి పైకప్పు పెచ్చులూడింది. సొసైటీ వారు పంపిన రెండు లేఖలు స్థానిక భాషలో, అదే ఫ్లాటు చిరునామాకు వెళ్లాయి. మూడవ నెలలో మా మిత్రునికి విషయం తెలిసే నాటికి రెండు ఫ్లాట్ల మరమ్మతు ఖర్చు ఆయన మీద పడింది. మన టౌన్‌షిప్‌లో అయితే ఫిర్యాదు అందిన మరునాడు ప్లంబరు వెళ్లి ఒక పూటలో పూర్తి చేయగల పని అది. ఇంటిలో వచ్చిన లోపం చిన్నదే. దూరం దానిని పెద్దది చేసింది.

మరొక సహోద్యోగి తన బావమరిది నివసించే కాలనీలోనే ఫ్లాటు తీసుకున్నారు. మొదట్లోనే ఆయనతో మాట్లాడి, నెలకొకసారి ఇల్లు చూసి రావడానికి, చిన్న మరమ్మతులు చేయించడానికి అద్దెలో కొంత భాగం ఇచ్చే ఏర్పాటు చేసుకున్నారు. "అయినవాళ్ల మధ్య డబ్బేమిటి బావగారూ" అని ఆయన మొహమాటపడినా వీరు అంగీకరించలేదు. ఈ పద్ధతి మాకు నచ్చింది. బంధువులు ఒక ఏడాది ఉచితంగా చేస్తారు, రెండవ ఏడాది విసుగుతో చేస్తారు, మూడవ ఏడాది ఫోను తీయరు. పనికి తగిన ప్రతిఫలం ఇస్తే పనీ నిలుస్తుంది, బంధుత్వమూ నిలుస్తుంది. పిల్లలు ఆ నగరంలో ఉన్నారు కదా అని ధీమాగా ఉండేవారు ఒక విషయం ఆలోచించాలి. వారి ఉద్యోగాలూ బదిలీలకు, మార్పులకు లోబడినవే. పిల్లవాడు వేరే ఊరికి వెళ్లిపోయిన నాడు ఎవరు చూస్తారు అన్న ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే బయానా ఇవ్వాలి.

రాష్ట్రం మారితే కాగితం మారుతుంది

భూమి, అద్దె విషయాలలో ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క పద్ధతి. మనకు అలవాటైన ఇ.సి., పహాణీల పరిజ్ఞానం సరిహద్దు దాటితే చాలదు. మహారాష్ట్రలో 'సాత్‌బారా' అనే భూమి రికార్డు, నగర ప్రాంతాలలో ప్రాపర్టీ కార్డు, రిజిస్ట్రేషన్ వివరాలకు 'ఇండెక్స్-టూ' చూస్తారు. కర్ణాటక నగరాలలో 'ఖాతా' ముఖ్యం. తమిళనాడులో 'పట్టా', 'విల్లంగం' పత్రం అడుగుతారు. ఇవి అక్కడి భాషలో, అక్కడి లిపిలో ఉంటాయి. అమ్మకందారు చెప్పిన అర్థాన్ని నమ్మకుండా, అతనితో గాని మధ్యవర్తితో గాని సంబంధం లేని స్థానిక న్యాయవాది చేత గడచిన 30 సంవత్సరాల హక్కు చరిత్రను పరిశీలింపజేసి, లిఖితపూర్వకంగా నివేదిక తీసుకోవాలి. బ్యాంకు ఋణం ఇస్తున్నది కదా, వారు చూసుకుంటారు అనుకోవడం సరికాదు. బ్యాంకు పరిశీలన బ్యాంకు సొమ్ము రక్షణ కోసం, మన పరిశీలన మన సొమ్ము రక్షణ కోసం.

ఫ్లాటు బదులు స్థలమో, ఊరి వెలుపల తోటతో కూడిన ఇల్లో కొనాలనుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మహారాష్ట్రలో వ్యవసాయదారులు కానివారు అనుమతి లేకుండా వ్యవసాయ భూమి కొనరాదు. హిమాచల్ ప్రదేశ్‌లో 1972 నాటి కౌలుదారీ, భూసంస్కరణల చట్టంలోని 118వ సెక్షను ఇటువంటి ఆంక్షనే విధిస్తున్నది. ఝార్ఖండ్‌లో 1908 నాటి ఛోటా నాగపూర్ కౌలుదారీ చట్టం గిరిజనుల భూముల బదిలీని కట్టడి చేస్తున్నది. మన తెలుగు ప్రాంతాల ఏజెన్సీలలో '1/70'గా అందరికీ తెలిసిన చట్టం గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధిస్తుంది. తక్కువ ధరకు వస్తున్నదని ఇటువంటి చోట్ల డబ్బు పెట్టడం ఇతరుల హక్కుకు భంగం, మన సొమ్ముకు నష్టం.

పవర్ ఆఫ్ అటార్నీ మీదనే ఇల్లు అమ్ముతామని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. అటార్నీ పత్రం, విక్రయ ఒప్పందం, వీలునామా కలిపి ఇచ్చినంత మాత్రాన యాజమాన్యపు హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో విస్పష్టంగా తీర్పు చెప్పింది. రిజిస్టరైన విక్రయ పత్రం ఒక్కటే మనకు ఆధారం.

కొత్త కట్టడాల విషయంలో 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం మనకు కొంత అండగా నిలుస్తుంది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని చేపట్టే నిర్మాణాన్ని రాష్ట్ర రెరా సంస్థలో నమోదు చేయాలి. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. స్వాధీనం చేసిన నాటినుండి ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడితే నిర్మాత ఉచితంగా సరిచేయాలి. అయినప్పటికీ దూరాన ఉండేవారికి మా సలహా, నిర్మాణంలో ఉన్నదానికంటే పూర్తయిన ఇల్లే మేలని. పని ఎంతవరకు వచ్చిందో వారం వారం చూసుకోగల వీలు మనకు లేదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుపై పడే వస్తు సేవల పన్ను, పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చిన తరువాత అమ్మిన ఫ్లాటుకు వర్తించదు.

ఇంటిని చూడవలసిన తీరు

ఇది మా వృత్తికి సంబంధించిన విషయం కనుక కొంత వివరంగా చెబుతాం. దూరపు ఇంటిని కనీసం రెండుసార్లు చూడాలి. అందులో ఒకసారి వర్షాకాలంలో చూడాలి. వేసవిలో వేసిన రంగు కింద తేమ మరక దాగి ఉండవచ్చు. జులై, ఆగస్టు వానలకు అది బయటపడుతుంది. పై అంతస్తు ఫ్లాటు అయితే మేడ మీదికి వెళ్లి నీరు నిలిచిన చోట్లు, పిట్టగోడ మూలలు చూడాలి. స్నానాల గది వెనుక గోడ, దాని కింద ఉన్న ఫ్లాటు పైకప్పు చూడాలి. కింది ఇంటివారిని మర్యాదగా అడిగితే కాదనరు. నేల పలకల మీద నాణెంతో తట్టి చూస్తే డొల్లగా ఉన్నచోట శబ్దం మారుతుంది.

నీరు ఎక్కడినుండి వస్తుందో తప్పక అడగాలి. నగరపాలక సంస్థ నీరా, గొట్టపు బావి నీరా, ట్యాంకరు నీరా? ఎండాకాలంలో ట్యాంకర్లకు ఎంత ఖర్చు చేశారో సొసైటీ లెక్కలలో ఉంటుంది. అద్దెదారు ఇల్లు ఖాళీ చేయడానికి నీటి ఎద్దడి ఒక ప్రబలమైన కారణం. విద్యుత్తు బోర్డులో భూమికి కరెంటు కారినప్పుడు సరఫరాను నిలిపివేసే బ్రేకరు ఉన్నదో లేదో చూసి, లేకపోతే పెట్టించాలి. మన ఇంటిలో మరొక కుటుంబం నివసించబోతున్నది. గీజరు దగ్గర ప్రమాదం జరిగితే బాధ వారిది, బాధ్యత మనది. లిఫ్టు నిర్వహణ ఒప్పందం అమలులో ఉన్నదా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అనే నివాసార్హతా పత్రం వచ్చిందా, పాత యజమాని సొసైటీకి బాకీ లేడని పత్రం ఇస్తాడా అన్నవి కూడా సరిచూసుకోవాలి.

దూరం నుండి నిర్వహించే ఇంటిలో హంగులు తక్కువ ఉంటే మరమ్మతులూ తక్కువ. గోడలో దాచిన ఖరీదైన అమరికలకంటే ఆ ఊరి దుకాణాలలో మామూలుగా దొరికే కొళాయిలు, స్విచ్చులు పెట్టించడం తెలివైన పని.

రిజిస్ట్రేషన్, పన్ను కోత

ఇల్లు ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉంటుందో విక్రయ పత్రం సాధారణంగా అక్కడే నమోదు కావాలి. స్వయంగా వెళ్లలేనివారు తమ తరఫున పత్రాన్ని దాఖలు చేసే అధికారం వేరొకరికి ఇవ్వదలిస్తే, ఆ అధికార పత్రాన్ని తాము నివసించే చోటి రిజిస్ట్రారు లేదా సబ్ రిజిస్ట్రారు సమక్షంలో ధ్రువపరచుకోవాలి. అందులో అధికారాన్ని ఆ ఒక్క పనికే పరిమితం చేయాలి. ఇల్లు అమ్మడానికి కూడా చెల్లే సార్వత్రిక అధికార పత్రాన్ని ఎంత దగ్గరివారికైనా ఇవ్వడం మంచిది కాదు.

ధర 50 లక్షలు లేదా అంతకు మించితే అమ్మకందారుకు ఇచ్చే సొమ్ములో ఒక శాతం పన్నుగా కోసి ప్రభుత్వానికి జమచేయవలసిన బాధ్యత కొనుగోలుదారుదే. మన ఉదాహరణలో అది 60,000 రూపాయలు. అమ్మకందారు విదేశంలో స్థిరపడిన వ్యక్తి అయితే నిబంధనలు వేరు, కోత చాలా ఎక్కువ. కాబట్టి ఆ విషయం ముందే తెలుసుకుని ఆడిటరును సంప్రదించాలి. కొనుగోలు ముగిసిన తరువాత విద్యుత్ కనెక్షను, ఆస్తి పన్ను రికార్డు, సొసైటీ వాటా పత్రం మన పేరుకు మారేవరకు పని పూర్తయినట్లు భావించరాదు. సొసైటీ కార్యాలయంలో మన శాశ్వత చిరునామా, ఫోను నంబరు రాతపూర్వకంగా నమోదు చేయించాలి. పైన చెప్పిన మిత్రుని ఇబ్బందికి సగం కారణం ఈ ఒక్క లోపమే.

అద్దె ఒప్పందం

ఏడాదికి మించిన అద్దె పత్రాన్ని రిజిస్టరు చేయాలి కనుక పదకొండు నెలల ఒప్పందం మన దేశంలో ఆనవాయితీ అయింది. కానీ ఈ ఆనవాయితీ అన్ని రాష్ట్రాలలో చెల్లదు. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం 'లీవ్ అండ్ లైసెన్స్' ఒప్పందం గడువు ఎంతైనా సరే, రాతపూర్వకంగా ఉండి రిజిస్టరు కావలసిందే. ఆ బాధ్యత యజమానిది. ఉల్లంఘిస్తే జైలు శిక్షకు గాని జరిమానాకు గాని అవకాశం ఉంది. ఒప్పందం రిజిస్టరై ఉంటే గడువు ముగిసిన తరువాత ఇల్లు ఖాళీ చేయించుకునే మార్గాన్ని కూడా ఆ చట్టమే సులభతరం చేసింది. ఈ నమోదును ఆన్‌లైన్‌లో చేసుకునే సౌకర్యం అక్కడ ఉండడం దూరాన ఉన్నవారికి ఉపకారం. తమిళనాడులో 2019 నుండి అమలులో ఉన్న చట్టం అద్దె ఒప్పందాన్ని అద్దె ప్రాధికార సంస్థ వద్ద నమోదు చేయమంటున్నది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని సూచించింది. అయితే రాష్ట్రాలు దానిని తమ చట్టంగా చేసుకున్నప్పుడే అది అమలవుతుంది. ఏ రాష్ట్రంలో కొంటే ఆ రాష్ట్రపు నిబంధన తెలుసుకోక తప్పదు.

మహారాష్ట్రలో యజమాని నివసించని ఫ్లాటుపై సొసైటీ వేసే అదనపు రుసుము సేవా రుసుములలో 10 శాతానికి మించరాదని 2001లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఇది తెలియక అడిగినంతా చెల్లించేవారు ఉన్నారు. అద్దెదారు వివరాలను స్థానిక పోలీసులకు తెలియజేయాలన్న ఆదేశాలు చాలా నగరాలలో అమలులో ఉంటాయి. ఈ పనిని మధ్యవర్తికి వదిలిపెట్టక, ఇచ్చినట్లు రసీదు మన దగ్గర ఉంచుకోవాలి.

అద్దెదారును ఎంచుకోవడంలో నెలకు వెయ్యి రూపాయలు ఎక్కువ ఇచ్చేవారికంటే, మూడేళ్లు నిలకడగా ఉండేవారు దూరపు యజమానికి మేలు. ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే ఏడాదిన్నర పాటు వచ్చిన ఆ వెయ్యి రూపాయలు పోయినట్లే. తాళాలు అప్పగించే నాడు గదుల ఛాయాచిత్రాలు, మీటరు రీడింగు, వస్తువుల జాబితా ఇరువురి సంతకాలతో ఉంచుకుంటే ఖాళీ చేసే నాడు వివాదం రాదు. అద్దెదారు ఫోను చేసి కొళాయి పాడైందన్నప్పుడు వెంటనే స్పందించడం మన కర్తవ్యం. క్వార్టరులో ఉన్నప్పుడు మనం సంస్థ నుండి ఏ సేవను ఆశిస్తామో, మన ఇంటిలో ఉన్నవారు మననుండి అదే ఆశిస్తారు.

ఆదాయపు పన్ను, సంస్థ నిబంధనలు

అద్దె ఆదాయంలో యజమాని చెల్లించిన ఆస్తి పన్ను తీసివేసిన తరువాత, మిగిలినదానిలో 30 శాతం మరమ్మతుల వంటి ఖర్చుల నిమిత్తం మినహాయిస్తారు. అసలు ఖర్చు ఎక్కువైనా తక్కువైనా ఈ 30 శాతమే. సొసైటీ రుసుముకు, రైలు ఛార్జీలకు వేరే మినహాయింపు లేదు. దీనికి తోడు ఋణంపై వడ్డీ తీసివేయవచ్చు. మన ఉదాహరణలో ఒక నెల ఖాళీ పోను అద్దె 1,98,000. ఆస్తి పన్ను, 30 శాతం పోను 1,31,600. మొదటి ఏడాది వడ్డీ సుమారు 3,76,000. అంటే ఆ ఇంటిపై రెండు లక్షల నలభై వేలకు పైగా నష్టం తేలుతుంది. పాత పన్ను విధానంలో ఉన్నవారు ఇందులో 2 లక్షల వరకు జీతపు ఆదాయంలో తగ్గించుకుని, మిగిలినది ఎనిమిదేళ్ల వరకు ఇంటి ఆదాయంలో సర్దుబాటు చేసుకోవచ్చు. కొత్త విధానంలో ఉన్నవారికి జీతంలో తగ్గించుకునే వీలు లేదు. పన్ను ఆదా కోసమే రెండవ ఇల్లు అనుకునేవారు తాము ఏ విధానంలో ఉన్నారో ముందు చూసుకోవాలి.

మన వంటి సంస్థల ప్రవర్తనా నియమావళి ప్రకారం స్థిరాస్తి కొనుగోలు, అమ్మకం సంస్థకు ముందుగా తెలియజేయాలి. భార్య లేదా భర్త పేరిట, పిల్లల పేరిట కొనే ఆస్తి విషయంలో కూడా ఏమి తెలపాలో సిబ్బంది విభాగంలో అడిగి తెలుసుకోవాలి. సొమ్ము ఎక్కడినుండి వచ్చిందో తెలిపే బ్యాంకు పత్రాలు జతపరచి, సమర్పించిన దరఖాస్తు నకలును విక్రయ పత్రంతో పాటు భద్రపరచుకోవాలి. వార్షిక ఆస్తి వివరాలలోనూ ఈ ఇల్లు, దాని అద్దె కనబడాలి. నిజాయితీగా సంపాదించిన ఆస్తి కాగితం లేని కారణంగా విరమణ ముందు సంజాయిషీకి దారితీయడం విచారకరం.

ఎవరికి తగును, ఎవరికి తగదు?

ఇంతవరకు చెప్పినదాని సారాంశం ఇది. విరమణకు పది పన్నెండేళ్ల సర్వీసు మిగిలి ఉండి, జీతం నుండి వాయిదాలు భరించగల శక్తి ఉండి, ఆ ఊరిలో నమ్మకమైన మనిషి ఉండి, ఆరు నెలల వాయిదాలకు సరిపడే సొమ్ము విడిగా ఉంచుకోగలిగినవారు పొరుగు రాష్ట్రంలో ఇల్లు కొనడం ఆలోచించవచ్చు. విరమణ సమీపించి, గ్రాట్యుటీ సొమ్ము మీద వచ్చే ఆదాయంతోనే జీవనం గడపవలసినవారు, నికరంగా రెండు శాతం కూడా రాని చోట ఆ సొమ్మును బంధించడం తగదని మా అభిప్రాయం. అటువంటివారు ముందుగా తాము నివసించబోయే ఊరిలో తమ కోసం ఒక ఇల్లు సమకూర్చుకోవడమే ఉత్తమం.

కర్మాగారంలో ఒక కొత్త యంత్రాన్ని నెలకొల్పే ముందు దాని ధర ఒక్కటే చూడం. దానిని నడిపేదెవరు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, ఏటా నిర్వహణకు ఎంత అవుతుంది అని విచారిస్తాం. దూరాన ఉన్న ఇంటి విషయంలోనూ అదే విచారణ అవసరం. బయానా ఇవ్వబోయే మిత్రులు ముందు తమ అంకెలతో పై లెక్కను ఒకసారి వేసి, తాళం చెవి ఎవరి దగ్గర ఉండబోతుందో ఆ వ్యక్తి పేరు ఆ కాగితం మీదనే రాయవలసిందిగా మనవి. పేరు రాయలేకపోతే, కొనుగోలును మరికొంత కాలం వాయిదా వేయడం మంచిది.